డ్రైవ్ కనబడట్లేదు, కీ అడుగుతోంది: బెంగళూరులో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హార్డ్‌డిస్క్ కనబడట్లేదనో, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతోందనో మారతహళ్లి, బీటీఎం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. మళ్లీ మళ్లీ అవే సందేహాలు కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. అంతా చదవనక్కర్లేదు. మీ సందేహం ఏదో చూసుకుని దాని కింది జవాబు చదివితే సరిపోతుంది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. కనబడని డ్రైవ్‌ని మళ్లీ కనబడేలా చేయడానికి దారులు చాలా ఉన్నాయి. డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ ఉండి, అంటే డేటాని కీ లేనిదే చదవలేని రూపంలో రాసి ఉండి, ఆ కీ పోతే మాత్రం దారి లేదు. అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే ఆ డ్రైవ్‌కి ఎన్‌క్రిప్షన్ ఉందా, ఉంటే కీ ఎవరి దగ్గరుంది అన్నది తేల్చుకోండి.

## కొనేటప్పుడు

కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్‌పీ రోడ్డుకి వెళ్తున్నాను. ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ కావాలంటే ఏమని అడగాలి?

"ఎం.2 ఇవ్వండి" అంటే చాలదు. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలోనే, కంప్యూటర్‌తో మాట్లాడే తీరుని బట్టి, సాటా రకం ఉంది, ఎన్‌వీఎంఈ రకం ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మీ ల్యాప్‌టాప్ స్లాట్ ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునేదైతే సాటా కార్డు చక్కగా లోపలికి వెళ్తుంది కానీ ఎప్పటికీ కనబడదు. పొడవు కూడా చూసుకోవాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. చిన్న ల్యాప్‌టాప్‌లలో 2242 గానీ 2230 గానీ పడుతుంది. మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో కంపెనీ మాన్యువల్ తెరిస్తే ఈ రెండు విషయాలూ అందులో ఉంటాయి. ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లండి. బిల్లు మీద డ్రైవ్ సీరియల్ నంబరు రాయించుకోవడం మర్చిపోకండి, వారంటీ అడిగేటప్పుడు అదే ఆధారం.

16 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. అంత సామర్థ్యం ఆ ధరకి ఎక్కడా రాదు. ఇలాంటి డబ్బాల్లో సాధారణంగా ఒక చిన్న మెమరీ కార్డు ఉంటుంది. 16 టీబీ ఉన్నట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా దాన్ని నడిపే చిప్‌ని (కంట్రోలర్) మార్చేస్తారు. మొదట్లో ఫైళ్లు బాగానే కాపీ అవుతాయి. అసలు సామర్థ్యం నిండాక కొత్తవి పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా రాయబడవు. ఫోల్డర్‌లో పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. ఇప్పటికే కొనేసి ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షించండి (లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3). అది డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. పరీక్ష అయ్యేదాకా పెళ్లి ఫోటోలు అందులో పెట్టకండి.

హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఉన్న డ్రైవ్ అంటే ఎక్కువ భద్రమా?

పేరు వింటే అలాగే అనిపిస్తుంది. ఈ డ్రైవ్‌లలో లోపలి కంట్రోలరే మీరు రాసే ప్రతి బైటునూ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ పని నడుస్తూనే ఉంటుంది. అసలు కీ డ్రైవ్ లోపలే పుడుతుంది, మీ పాస్‌వర్డ్ ఆ కీకి కాపలా. ఇంటి తాళంచెవిని ఇనప్పెట్టెలో పెట్టి ఆ పెట్టెకి ఇంకో తాళం వేసినట్టు. పెట్టె తాళం మార్చినంత మాత్రాన ఇంటి తాళం మారదు.

ఆ కాపలా గట్టిగా ఉందా లేదా అన్నది డ్రైవ్ తయారుచేసిన కంపెనీ రాసిన ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే నడిచే ప్రోగ్రాం) మీద ఆధారపడుతుంది. 2018 నవంబరులో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్లో మేయర్, బెర్నార్డ్ వాన్ గాస్టెల్ బయటపెట్టింది ఇదే. వాళ్లు పరీక్షించిన క్రూషియల్ ఎంఎక్స్100, ఎంఎక్స్200, ఎంఎక్స్300, శాంసంగ్ 840 ఈవో, 850 ఈవో, టీ3, టీ5 డ్రైవ్‌లలో లోపాలు దొరికాయి. కొన్నిటిలోనైతే పాస్‌వర్డ్‌కీ అసలు కీకీ గణితపరంగా సంబంధమే లేదు. ఫర్మ్‌వేర్‌ని మారిస్తే ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా తెరుచుకునే పరిస్థితి. దాని తర్వాత 2019 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి విండోస్ కూడా తీరు మార్చుకుంది. కొత్తగా బిట్‌లాకర్ (విండోస్‌లోనే ఉండే ఎన్‌క్రిప్షన్ సదుపాయం) పెడితే డ్రైవ్‌ని నమ్మకుండా సాఫ్ట్‌వేర్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

మామూలు ఇంటి వాడకానికి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కి సాఫ్ట్‌వేర్ బిట్‌లాకరే నా సలహా. ఇప్పటి ప్రాసెసర్లలో ఎన్‌క్రిప్షన్‌కి వాడే ఏఈఎస్ లెక్కలకి ప్రత్యేక సదుపాయం ఉంది కాబట్టి రోజువారీ పనిలో వేగం తగ్గినట్టు తెలియదు.

## కొత్తగా బిగించాక

అన్నా, కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాను. బయోస్‌లోనే కనబడట్లేదు. డ్రైవ్ పోయినట్టేనా?

అంత తొందరగా ఆ మాట అనుకోవద్దు. బయోస్ అంటే విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం. ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, వీలైతే లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా తీసి, కార్డుని మళ్లీ బిగించండి. ఎం.2 కార్డుని ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, ఆ తర్వాతే కిందికి వంచి స్క్రూ వేయాలి. ఒక్క మిల్లీమీటరు బయటికి ఉన్నా కాంటాక్టు అందదు. చాలా కేసులు ఇక్కడితోనే అయిపోతాయి.

డెస్క్‌టాప్ అయితే ఇంకొన్ని కారణాలున్నాయి. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ ఒకటి, సాటా పోర్టులు ఒకటి రెండు ఒకే దారిని పంచుకుంటాయి. ఎం.2 కార్డు పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైందంటే కారణం అదే. దాని కేబుల్‌ని వేరే సాటా పోర్టుకి మార్చండి. ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన పెద్ద హార్డ్‌డిస్క్ అసలు తిరగడమే లేదంటే పవర్ కనెక్టర్‌లోని 3.3 వోల్టుల మూడో పిన్ అడ్డుపడుతూ ఉండొచ్చు. కొత్త సాటా ప్రమాణంలో ఆ పిన్‌కి కరెంటు వస్తే డ్రైవ్ ఆగిపోవాలని అర్థం. పాత పవర్ సప్లైలు అక్కడ ఎప్పుడూ కరెంటు ఇస్తూనే ఉంటాయి. ఆ పిన్ మీద వేడికి తట్టుకునే క్యాప్టన్ టేపు అంటిస్తే డ్రైవ్ లేస్తుంది.

ఇవేవీ కాకపోతే అదే కార్డుని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా కనబడకపోతే బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లండి.

బయోస్‌లో ఉంది. విండోస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే మాత్రం డ్రైవ్‌ల లిస్టు ఖాళీగా వస్తోంది. ఎందుకు?

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ ఎదురవుతుంది. వీఎండీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఇంటెల్ కంట్రోలర్ వెనకాల ఉండిపోతుంది. ఇన్‌స్టాలర్‌కి ఆ కంట్రోలర్ డ్రైవర్ తెలియదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, జిప్ విప్పి, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఖాళీ లిస్టు వచ్చిన చోట 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది.

బయోస్‌లో వీఎండీ ఆపేయమని చాలామంది చెబుతారు. కొత్తగా విండోస్ వేస్తుంటే అది కూడా పనిచేస్తుంది. ఇప్పటికే విండోస్ ఉన్న మెషీన్‌లో ఆపితే మాత్రం ఆ విండోస్ బూట్ కాదు, బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కూడా అడగొచ్చు.

బయోస్‌లో కనిపిస్తోంది, 'దిస్ పీసీ'లో మాత్రం లేదు. ఏం చేయాలి?

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. 'ఇనిషియలైజ్ చేయాలా' అని అడుగుతుంది. పెట్టె విప్పి తీసిన కొత్త డ్రైవ్ అయితే జీపీటీ (కొత్త రకం పార్టిషన్ల పట్టిక) ఎంచుకుని, కొత్త వాల్యూమ్ చేసుకోండి, పని అయిపోతుంది. డేటా ఉన్న పాత డ్రైవ్ అయితే ఆ కిటికీని క్యాన్సిల్ చేయండి. ఇనిషియలైజ్ చేస్తే పార్టిషన్ల పట్టిక కొత్తగా రాసేస్తుంది.

పార్టిషన్ కనిపిస్తూ అక్షరం మాత్రం లేకపోతే రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇవ్వండి. 'ఆఫ్‌లైన్' అని ఉంటే సాధారణంగా అది క్లోన్ చేసిన డిస్క్. పాతదీ కొత్తదీ ఒకే గుర్తింపు సంఖ్యతో ఉన్నందువల్ల విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టింది. కొత్తదాన్నుంచి బూట్ చేయాలనుకుంటే మొదటిసారి పాతదాన్ని పూర్తిగా తీసేసి బూట్ చేయడం మేలు.

4 టీబీ డిస్క్ పెడితే 2 టీబీనే వాడుకోనిస్తోంది. మిగతాది ఏమైంది?

అది ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ల పట్టికతో ఉంది. ఎంబీఆర్‌లో సెక్టార్ నంబర్లకి 32 బిట్లే చోటు. 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. జీపీటీకి మార్చాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మార్చాలంటే పార్టిషన్లన్నీ తీసేయాల్సి వస్తుంది కాబట్టి ముందు డేటా బయటికి తీసుకోండి.

## వాడుతూ ఉండగా మాయమైతే

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ లైట్ వెలుగుతోంది, కంప్యూటర్ మాత్రం గుర్తించట్లేదు.

ముందు కేబుల్ మార్చండి. ఈ ఒక్క పనితో చాలా డిస్కులు తిరిగొస్తాయి. లైట్ వెలగడానికి కొద్ది కరెంటు చాలు, లోపలి పళ్లెం తిరగడానికి చాలదు. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. డెస్క్‌టాప్ ముందు వైపు పోర్టులు, కరెంటు లేని హబ్బులు వదిలేసి వెనక ఉన్న పోర్టుకి నేరుగా పెట్టండి. ఆ తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనబడుతుందేమో చూడండి.

టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటూ ఉంటే మాత్రం వెంటనే పీకేయండి. చదివే హెడ్‌లు దెబ్బతిన్నాయన్న అనుమానం ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ పెట్టి చూస్తే పళ్లెం మీద గీతలు పడొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టమని, మెల్లగా తట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి.

పెట్టగానే 'ఫార్మాట్ చేస్తేగానీ వాడలేరు' అంటోంది. చేసేయనా?

చేయకండి. విండోస్ చెబుతున్నదల్లా "ఇందులో ఉన్నది నాకు అర్థం కావట్లేదు" అని మాత్రమే, డిస్క్ ఖాళీగా ఉందని కాదు. మ్యాక్‌లో వాడిన డిస్క్ అయితే ఏపీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌ని విండోస్ చదవదు. లినక్స్ డిస్క్ అయినా అంతే. వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాంతో మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ పెట్టినా ఇదే ప్రశ్న వస్తుంది. ఎప్పుడో వెరాక్రిప్ట్ వాడి మర్చిపోయి, ఈ ప్రశ్నకి 'అవును' కొట్టి అంతా పోగొట్టుకునేవాళ్లున్నారు.

డాక్ గానీ కేసు గానీ మార్చాక ఇలా వస్తుంటే అదే కారణం కావొచ్చు. కొన్ని యూఎస్‌బీ కేసులు సెక్టార్‌ని 4096 బైట్లుగా చూపిస్తాయి, కొన్ని 512గా చూపిస్తాయి. ఒకదాంట్లో ఫార్మాట్ చేసిన డిస్క్ ఇంకోదాంట్లో 'రా' (RAW) అని, అంటే ఫార్మాట్ లేనిదానిలా కనబడుతుంది. పాత కేసులో పెడితే మామూలుగా తెరుచుకుంటుంది.

ఇవేవీ కాకపోతే ఫైల్ సిస్టమ్ చెడిందని అర్థం. అప్పుడు కూడా అదే డిస్క్ మీద రిపేర్ ప్రోగ్రాంలు నడపకుండా, ముందు డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ (బైటు బైటుకీ అచ్చు కాపీ) తీసుకుని ఆ ఇమేజ్ మీద ప్రయత్నించాలి.

కరెంటు పోయి వచ్చింది. అప్పటినుంచి ఎస్‌ఎస్‌డీ కనబడట్లేదు.

వానాకాలం సాయంత్రాల్లో బెంగళూరులో ఈ ఫోను తప్పకుండా వస్తుంది. ఎస్‌ఎస్‌డీ లోపల ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. అది రాస్తున్నప్పుడు కరెంటు పోతే కంట్రోలర్ తికమకపడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే డేటా కేబుల్ తీసేసి, పవర్ కేబుల్ మాత్రం ఉంచి, ఒక అరగంట అలా వదిలేయండి. ఒక అర నిమిషం పవర్ తీసి మళ్లీ ఇంకో అరగంట ఇవ్వండి. ఆ సమయంలో డ్రైవ్ తన పట్టికని తానే సరిచేసుకునే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్ అయితే బయోస్ తెర మీదే ఉంచి అలా వదలొచ్చు.

తిరిగొస్తే సంతోషించి ఊరుకోకుండా అదే రోజు బ్యాకప్ తీసుకోండి. డ్రైవ్ పేరు స్థానంలో 'సాటాఫర్మ్ ఎస్11' అని వస్తుంటే ఫర్మ్‌వేరే లోడ్ అవ్వట్లేదన్నమాట. కొన్ని తక్కువ ధర డ్రైవ్‌లలో వాడే ఫైసన్ కంట్రోలర్ ఇలా మొరాయిస్తుంది. డేటా అక్కర్లేకపోతే వారంటీలో మార్చుకోండి. కావాలంటే ఏ ఫర్మ్‌వేర్ టూలూ నడపకుండా రికవరీవాళ్లకి ఇవ్వండి, ఎందుకంటే ఆ టూల్స్ డ్రైవ్‌ని ఖాళీ చేసే బాగు చేస్తాయి.

స్లీప్‌లో పెట్టి లేపితే డ్రైవ్ మాయమవుతోంది. రీస్టార్ట్ చేస్తే వస్తోంది.

పవర్ ఆప్షన్లలో 'పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్' పొదుపుని ఆపి చూడండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయండి. డ్రైవ్‌కి సెడ్‌యుటిల్ అనే ప్రోగ్రాంతో ఓపల్ తాళం (డ్రైవ్ హార్డ్‌వేర్‌లోనే ఉండే పాస్‌వర్డ్ తాళం) వేసి ఉంటే సంగతి వేరు. స్లీప్‌లో డ్రైవ్‌కి కరెంటు ఆగితే తాళం పడిపోతుంది, లేచాక తీసేవాళ్లు ఉండరు. అలాంటి మెషీన్‌లో స్లీప్ బదులు హైబర్నేట్ వాడాలి.

## నీలం తెర మీద కీ అడిగినప్పుడు

నేను బిట్‌లాకర్ ఎప్పుడూ పెట్టలేదు. ఇవాళ 48 అంకెల కీ అడుగుతోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?

లేదు, టెన్షన్ పడకండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' దానంతట అదే ఆన్ అవుతుంది, విండోస్ హోమ్‌లో కూడా. విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే మరిన్ని మెషీన్లకి ఇది వర్తిస్తోంది. మామూలు రోజుల్లో మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్ కీని చడీచప్పుడు లేకుండా అందిస్తుంది కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఉందన్న సంగతే మీకు తెలియదు. బయోస్ అప్‌డేట్ అయినా, సెక్యూర్ బూట్ మార్చినా, బోర్డు మారినా టీపీఎం అనుమానపడి కీ ఇవ్వదు. అప్పుడు విండోస్ మిమ్మల్ని అడుగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకి ప్రపంచమంతా ఆఫీసు కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు, ఫైలు ఒకటి తీసేస్తే సరిపోయే పని చాలాచోట్ల ఆలస్యమైంది ఇందుకే. ఆ ఫైలు దాకా వెళ్లాలంటే ఒక్కో మెషీన్‌కీ బిట్‌లాకర్ కీ కావాల్సి వచ్చింది.

కీ కోసం ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైటు తెరిచి, మీ అకౌంట్‌తో లాగిన్ అయి, డివైసెస్ కింద బిట్‌లాకర్ రికవరీ కీల పేజీ చూడండి. నీలం తెర మీద 'రికవరీ కీ ఐడీ' ఉంటుంది. దాని మొదటి 8 అక్షరాలు సైటులో ఉన్న ఐడీతో కలవాలి. ఐడీ కలవని కీ ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోదు.

మైక్రోసాఫ్ట్ అకౌంట్లో కీ లేదు. ఇంకెక్కడ ఉండొచ్చు?

ల్యాప్‌టాప్‌ని మొదట సెటప్ చేసినవాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకోండి. షాపు అబ్బాయి తన అకౌంట్‌తో చేసి ఇచ్చి ఉండొచ్చు. తమ్ముడి అకౌంట్ కావొచ్చు, ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కాలేజీ ఇచ్చిన అకౌంట్ కావొచ్చు. మీకున్న పాత హాట్‌మెయిల్, అవుట్‌లుక్ ఐడీలన్నిటితో లాగిన్ అయి చూడండి. పీడీఎఫ్‌గా దాచారేమో మెయిల్లో, డ్రైవ్‌లో వెతకండి. ప్రింటు తీసి వారంటీ కార్డుతో పాటు పెట్టారేమో చూడండి.

ఈ ఊళ్లో చాలామందికి తెలియాల్సిన సంగతి ఇంకోటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఆఫీసు అకౌంట్ కలుపుతున్నప్పుడు "ఈ డివైస్‌ని సంస్థ నిర్వహించవచ్చా" అన్న ప్రశ్న వస్తుంది. చదవకుండా ఓకే కొడతాం. అలాంటప్పుడు రికవరీ కీ మీ సొంత అకౌంట్‌కి బదులు సంస్థ డైరెక్టరీకి వెళ్లి ఉండే అవకాశం ఉంది. ఉద్యోగం మారాక ఆ అకౌంట్ మూసేస్తారు, ఇక మీరు చూడలేరు. పాత కంపెనీ ఐటీ విభాగానికి కీ ఐడీ పంపి మర్యాదగా అడగండి, వాళ్ల దగ్గర రికార్డు ఉంటే ఇవ్వగలరు. ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే రిలీవింగ్ తేదీ దాకా ఆగకండి. కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీ నుంచి కీని ఇవాళే ఫైలుగా దాచి, ఆ ఫైలుని వేరేచోట పెట్టుకోండి.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే కీ వాళ్లదే, డేటా కూడా వాళ్లదే. పిల్లల ఫోటోలు అందులో ఉంచుకోవద్దు.

కీ క్రాక్ చేసి ఇస్తామని ఒకరు అడ్వాన్స్ అడుగుతున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. 48 అంకెలు 8 గుంపులు, ఒక్కో గుంపు 16 బిట్లు, మొత్తం 128 బిట్లు. ఊహించి పట్టే సంఖ్య కాదది. మీ దగ్గర కీ ఉండి ఒకటి రెండు అంకెలు సరిగ్గా కనబడకపోతే మాత్రం ఆశ ఉంది. సరైన ప్రతి ఆరంకెల గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. చెరిగిపోయిన అంకె స్థానంలో ఏది పెడితే భాగించబడుతుందో లెక్కేసి చూడొచ్చు.

మదర్‌బోర్డు మార్చాలంటున్నారు. డిస్క్‌లో డేటా ఉంటుందా?

విడిగా తీయగలిగే డిస్క్ అయితే ఉంటుంది. కానీ పాత బోర్డుతో పాటు టీపీఎం కూడా వెళ్లిపోతుంది, కొత్త బోర్డు మీద కీ కొట్టాల్సిందే. ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ అవుతుంటే సర్వీసుకి ఇచ్చే ముందే కీ రాసుకోండి, బిట్‌లాకర్‌ని 'సస్పెండ్' చేయండి.

మ్యాక్‌లలో పరిస్థితి కఠినం. 2017 చివరి నుంచి వచ్చిన టీ2 చిప్ మ్యాక్‌లు, 2020 నుంచి వచ్చిన ఎం సిరీస్ మ్యాక్‌లు ఫైల్‌వాల్ట్ (మ్యాక్ సొంత ఎన్‌క్రిప్షన్ సెట్టింగు) పెట్టకపోయినా స్టోరేజ్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. కీ ఆ చిప్‌తోనే ముడిపడి ఉంటుంది. బోర్డు మారిస్తే పాత డేటా రాదు. డేటా కావాలంటే అదే బోర్డుని చిప్ స్థాయిలో బాగుచేసి బతికించాలి.

## డ్రైవ్‌లోనే తాళం ఉన్నప్పుడు

నా బిట్‌లాకర్ సాఫ్ట్‌వేర్‌దో హార్డ్‌వేర్‌దో ఎలా తెలుస్తుంది?

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో 'మేనేజ్-బీడీఈ' అని, ఖాళీ ఇచ్చి '-స్టేటస్' అని కొట్టండి. 'ఎన్‌క్రిప్షన్ మెథడ్' వరుసలో ఎక్స్‌టీఎస్-ఏఈఎస్ 128 లాంటిది ఉంటే సాఫ్ట్‌వేర్‌ది. 'హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్' అని ఉంటే డ్రైవ్ మీద ఆధారపడుతున్నట్టు. మార్చాలంటే పూర్తిగా డీక్రిప్ట్ చేసి మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలి. 2019 తర్వాతి అప్‌డేట్లు కొత్త డ్రైవ్‌ల తీరే మార్చాయి, అప్పటికే హార్డ్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ అయినవాటిని ముట్టుకోలేదు.

ఎక్స్‌టర్నల్ డిస్క్ కేసు పాడైంది. లోపలి డిస్క్ తీసి నేరుగా కలిపితే ఖాళీ అంటోంది. నేనెప్పుడూ పాస్‌వర్డ్ పెట్టలేదే?

పాస్‌వర్డ్ పెట్టకపోయినా కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో యూఎస్‌బీ బోర్డు మీది చిప్ డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్, మై బుక్ శ్రేణుల్లో చాలా మోడళ్లు ఇలాంటివే. నేరుగా సాటాకి కలిపితే కనిపించేది ఎన్‌క్రిప్ట్ అయిన బైట్ల గందరగోళం. దాన్ని ఫార్మాట్ చేయకండి, ఇనిషియలైజ్ చేయకండి. పాడైన ఆ చిన్న బోర్డుని పారేయకుండా డిస్క్‌తో పాటే దాచండి. చాలాసార్లు విరిగేది యూఎస్‌బీ సాకెట్ మాత్రమే. దాన్ని సోల్డరింగ్ తెలిసినవాళ్లు మార్చేస్తారు, డేటా మొత్తం తిరిగొస్తుంది. చిప్పే కాలిపోతే అదే రకం చిప్ ఉన్న బోర్డు కావాలి, అది రికవరీ నిపుణుల పని. కొన్ని మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. అవి విప్పినా ప్రయోజనం లేదు.

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ పాస్‌వర్డ్ పెట్టాను. ఇప్పుడు వేరే ల్యాప్‌టాప్‌లో పెడితే సరైన పాస్‌వర్డ్ కూడా తీసుకోవట్లేదు.

ఇది ఏటీఏ పాస్‌వర్డ్, అంటే బయోస్ నుంచి డ్రైవ్‌కే వేసే తాళం. మీరు కొట్టిన అక్షరాలనే డ్రైవ్‌కి పంపాలన్న నియమం లేదు. కొన్ని బయోస్‌లు వాటిని తమ పద్ధతిలో మార్చి పంపుతాయి. ఇంకో కంపెనీ ల్యాప్‌టాప్ అదే పాస్‌వర్డ్‌ని ఇంకోలా మారుస్తుంది. పాత ల్యాప్‌టాప్ గానీ అదే కంపెనీ మెషీన్ గానీ దొరికితే అందులో పెట్టి, పాస్‌వర్డ్ తీసేసి, తర్వాత మార్చుకోండి. యూఎస్‌బీ కేసులో పెట్టి ప్రయత్నించకండి, చాలా కేసులు ఈ కమాండ్లని డ్రైవ్ దాకా చేరనివ్వవు. అయిదుసార్లు తప్పు కొడితే పవర్ తీసి పెట్టేదాకా డ్రైవ్ జవాబివ్వదు.

500 జీబీ డ్రైవ్ బూట్‌లో 128 ఎంబీ చూపిస్తోంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను.

పాత యజమాని ఓపల్ తాళం తీయకుండా అమ్మాడు. మీకు కనిపిస్తున్నది పాస్‌వర్డ్ అడిగే చిన్న భాగం, అసలు డిస్క్ దాని వెనక ఉంది. పాస్‌వర్డ్ అతన్ని అడగడం ఒక దారి. డేటా మీకు అక్కర్లేదు కాబట్టి రెండో దారి సులువు. డ్రైవ్ లేబుల్ మీద పీఎస్‌ఐడీ అని 32 అక్షరాలుంటాయి. కంపెనీ టూల్‌తో గానీ సెడ్‌యుటిల్‌తో గానీ ఆ అక్షరాలిచ్చి రివర్ట్ చేస్తే డ్రైవ్ కొత్తదానిలా మారుతుంది. లోపలి కీ మారిపోతుంది కాబట్టి పాత డేటా ఎవరికీ రాదు. అందుకే తన డేటా కావాల్సినవాళ్లు ఈ పని పొరపాటున కూడా చేయకూడదు. ఆ లేబుల్ చింపకుండా ఒక ఫోటో తీసుకుని పెట్టుకోండి.

## రికవరీకి ఇచ్చే ముందు, అమ్మే ముందు

రికవరీ వాళ్లకి డిస్క్ ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

జరిగింది జరిగినట్టు చెప్పండి. కింద పడిందా, నీళ్లు పడ్డాయా, ఏ సాఫ్ట్‌వేర్ నడిపారు, ఎవరైనా విప్పారా, అన్నీ. ఎన్‌క్రిప్షన్ ఉందని, కీ మీ దగ్గరుందో లేదో ముందే చెప్పండి. కీ లేకుండా పళ్లేల నుంచి ప్రతి బైటూ తీసినా ఫైళ్లు తెరుచుకోవు, డబ్బు మాత్రం పోతుంది. అదే మోడల్ బోర్డు తెచ్చి మారుస్తామని ఎవరైనా అంటే, పాత బోర్డు మీది రోమ్ చిప్‌ని కొత్తదాని మీదికి మారుస్తారా అని అడగండి. ఒక్కో డిస్క్‌కీ దాని సొంత సర్దుబాట్లు ఆ రోమ్‌లో ఉంటాయి. ముందు పరీక్షించి, తీయగలిగిన ఫైళ్ల జాబితా చూపించి, ఆ తర్వాతే డబ్బు తీసుకునేవాళ్లని ఎంచుకోండి.

ఎస్‌ఎస్‌డీలో పొరపాటున డిలీట్ చేసిన ఫోటోలు వస్తాయా?

చాలావరకు రావు. డిలీట్ చేయగానే విండోస్ 'ట్రిమ్' కమాండ్ పంపుతుంది, డ్రైవ్ ఆ చోటుని తీరిక దొరికినప్పుడు తుడిచేస్తుంది. వెంటనే మెషీన్ ఆపేస్తే కొద్ది అవకాశం ఉండొచ్చు. ముందు క్లౌడ్‌లో, ఫోన్‌లో, వాట్సాప్‌లో కాపీలున్నాయేమో వెతకండి.

పాత ల్యాప్‌టాప్ అమ్ముతున్నాను. ఫార్మాట్ చేస్తే చాలా?

క్విక్ ఫార్మాట్ చాలదు. విండోస్ 'రీసెట్'లో అన్నీ తీసేయడంతో పాటు 'క్లీన్ డేటా' కూడా ఎంచుకోండి. లేదా బయోస్‌లో గానీ డ్రైవ్ కంపెనీ టూల్‌లో గానీ సెక్యూర్ ఎరేజ్ ఉంటే అది చేయండి. ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ చేసి రాసే డ్రైవ్‌లో ఆ పని కొన్ని క్షణాల్లో అయిపోతుంది, ఎందుకంటే లోపలి కీని మార్చేస్తే చాలు. తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ఆ డివైస్‌ని తీసేయండి. తీసేసే ముందు ఆ పేజీలో ఉన్న కీలన్నిటినీ ఒకసారి చూసుకోండి. అదే మెషీన్ మీద ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ కీలు కూడా అక్కడే ఉండొచ్చు, వాటిని ముందు విడిగా రాసి దాచుకోండి.